మీర్ మోమిన్ ఆస్త్రాబాదీ: ఇరాను దేశపు బిడ్డ, మన నగర నిర్మాత

టోలిచౌకిలోని మన విద్యార్థులకు గోలకొండ కోటయు, దాని చెంతనున్న కుతుబ్‌షాహీ సమాధులును క్రొత్తవి కావు. ఆ గుమ్మటములను చూచుచునే వారు పెరిగినారు. అచ్చట నిద్రించు రాజుల పేరులు పాఠ్యపుస్తకములలో నున్నవి. కాని ఆ రాజులలో ఇద్దరికి కుడిభుజమై నిలిచి, హైదరాబాదు నగరమునకు రూపము దిద్దినవాడని పేరొందిన మంత్రి సమాధి మాత్రము అచ్చట లేదు. అది మూసీనదికి ఆవలి యొడ్డున, పాతబస్తీలో, ఆయన పేరిటనే దాయెరా మీర్ మోమిన్ అని పిలువబడు శ్మశానవాటికలో నున్నది. ఇరాను దేశమునకును మన సీమకును గల చిరకాల మైత్రిని ఒక్క మనుష్యుని బ్రదుకులో చూడగోరువారికి ఇంతకంటె తగిన చరిత్రము మాకు కనబడలేదు. కావున దానిని సంగ్రహముగా నిచ్చట వ్రాయుచున్నాము.

మీర్ మోమిన్ కాస్పియను సముద్రమునకు ఆగ్నేయమున నున్న ఆస్త్రాబాదు పట్టణమువాడు. ఆ పట్టణమును నేడు గోర్గాన్ అందురు. పండితవంశమున పుట్టి, మేనమామయు విద్వాంసుడే యగుటచేత బాల్యమునుండియు శాస్త్రములయందు ఆరితేరెను. ఆయన పాండిత్యమును విని ఇరాను చక్రవర్తి షా తహ్మాస్ప్ తన కుమారుడగు హైదర్ మీర్జాకు గురువుగా నియమించెను. 1576వ సంవత్సరమున చక్రవర్తి మరణించెను. వెంటనే సింహాసనముకొరకు కలహము రేగి, రాకుమారుడు హైదర్ మీర్జా ఖజ్వీను రాజభవనములోనే చంపబడెను. అటుపిమ్మట రాజ్యమునకు వచ్చిన రెండవ ఇస్మాయిలు తన సోదరులను బంధువులను పెక్కుమందిని వధింపించెను. తాను చదువు చెప్పిన బాలుడు అధికారదాహమునకు బలియగుట ఏ గురువునకైనను ఎంతటి శోకమో ఉపాధ్యాయులమగు మేము ఊహింపగలము. మీర్ మోమిన్ స్వదేశమును విడిచి, 1581వ సంవత్సరమున గోలకొండ చేరెను.

ఆయన గోలకొండకే వచ్చుటకు కారణము లేకపోలేదు. 1518 ప్రాంతమున ఈ రాజ్యమును స్థాపించిన సుల్తాన్ కులీ ఇరానులోని హమదాను ప్రాంతమునుండి వచ్చినవాడే. ఆస్థానములో ఫారసీభాష వ్యవహరింపబడుచుండెను. అయినను ఇది పరదేశపు కొలువు మాత్రమే కాదు. ఇబ్రాహీం కుతుబ్‌షా తెలుగు కవులను ఆదరించెను. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానమును ఆ రాజునకే అంకితమిచ్చెను. పొన్నగంటి తెలగనార్యుడు తన అచ్చతెలుగు కావ్యమగు యయాతిచరిత్రమును ఆ కాలపు అధికారియగు అమీన్‌ఖానునకు అంకితము చేసెను. మీర్ మోమిన్ వచ్చునప్పటికి ఇబ్రాహీం కుమారుడు ముహమ్మద్ కులీ సింహాసనమెక్కి ఏడాది మాత్రమే అయ్యెను. రాజు ఇంకను నూనూగు మీసముల బాలుడు. కొద్ది సంవత్సరములలోనే ఆయన ఈ పండితుని పేష్వాగా, అనగా ప్రధానమంత్రిగా, నియమించెను.

ఆ కాలమున గోలకొండ కోట జనముతో క్రిక్కిరిసి యుండెను. మూసీపై 1578లో వంతెన కట్టబడియుండుటచే ఆవలి యొడ్డునకు పోవుట సులభమయ్యెను. అచ్చటనే 1591లో చార్మినారు వెలసెను. దానిని నడుమ నుంచుకొని నాలుగు దిక్కులకు నాలుగు రాజవీథులు తీర్చిరి. ఈ నగరమునకు పథకము రచించినవాడు మీర్ మోమిన్ అని పరంపరగా చెప్పుచున్నారు. ఆ దశాబ్దములోనే రోగులకు దారుల్‌షిఫా అను వైద్యశాలయు, బాద్‌షాహీ ఆషూర్‌ఖానాయు వెలసినవి. ఆషూర్‌ఖానా గోడలకు తరువాత పొదిగిన రంగుపలకలు ఇరాను పనితనమును నేటికిని మన కన్నులకు చూపుచున్నవి. ఇస్ఫహాను నగరమును చూచి హైదరాబాదును కట్టిరని కొందరందురు. కాని షా అబ్బాసు ఇస్ఫహానును రాజధానిగా చేసికొని దానిని విస్తరింపజేయుట 1598 ప్రాంతమున మొదలయ్యెను. మన చార్మినారు అంతకు ఏడేండ్లు పెద్దది. కావున ఒక దేశము ఇచ్చుటయు, మఱియొకటి పుచ్చుకొనుటయు మాత్రమే ఇచ్చట జరిగినదని తలపరాదు.

ఇరు దేశములకు రాకపోకలు ఎడతెగక సాగెను. 1603లో షా అబ్బాసు పంపిన రాయబారి వచ్చి, ఇచ్చట పెక్కేండ్లు అతిథిగా నుండెను. మచిలీపట్టణపు రేవునుండి కలంకారీ వస్త్రములు ఇరానునకు పోవుచుండెను. అచ్చటి గుఱ్ఱములు ఇచ్చటికి వచ్చుచుండెను. మన నేతగాండ్రును అద్దకపువారును ఇరానువారికి నచ్చు పూలును తీగెలును బట్టలపై దిద్ద నేర్చిరి. మీర్ మోమిన్ సైదాబాదు, మీర్‌పేట మున్నగు గ్రామములను నెలకొల్పి, మసీదులు కట్టించెను. తూనికలు కొలతలనుగూర్చి ఫారసీలో ఒక గ్రంథమును రచించెను. కవిత్వమును చెప్పెను.

ఇరానునుండి వచ్చినవారందరును ఇట్టివారని మేము చెప్పము. ధనముకొరకే వచ్చి, ఇచ్చటివారితో కలహించినవారును కలరు. దక్కను రాజ్యములలో స్వదేశీయులు, పరదేశీయులు అను పక్షములు ఏర్పడి, ఆ వైరము పలుమారులు రక్తపాతమునకు దారి తీసెను. అట్టి కాలమున పరదేశి మంత్రియై అనేక సంవత్సరములు పదవిలో నిలుచుట కత్తిమీది సాము వంటిది.

ఆయనకు అసలైన పరీక్ష 1612వ సంవత్సరమున వచ్చెను. ఆ జనవరిలో ముహమ్మద్ కులీ మరణించెను. ఆయనకు కుమారులు లేరు. కూతురు హయాత్ బక్షీ బేగమును వివాహమాడిన తమ్ముని కుమారుడు ముహమ్మద్ వారసుడుగా నుండెను. అంతకు కొద్ది సంవత్సరములకు ముందే రాజసోదరుడొకడు తిరుగుబాటు పన్ని చెరసాల పాలయ్యెను. కావున కలహమునకు కావలసిన కట్టెలన్నియు సిద్ధముగానే యుండెను. ఖజ్వీనులో ఒక రాజు కన్ను మూసినంతనే ఏమి జరిగెనో వృద్ధమంత్రి మరువలేదు కాబోలు. ఆయన ఆలస్యము చేయక యువరాజును సింహాసనమున కూర్చుండబెట్టెను. రక్తము చిందలేదు.  తన మొదటి శిష్యునికి జన్మభూమిలో దక్కని రక్షణను, ముప్పదియారేండ్ల పిమ్మట అన్యభూమిలో మఱియొక రాకుమారునికి ఆయన సమకూర్చెను. ఈ ఒక్క కార్యముచేతనే ఆయన మన గౌరవమునకు పాత్రుడని మా యభిప్రాయము.

క్రొత్తరాజును అభినందించుటకు 1614లో ఇరానునుండి మరల రాయబారి వచ్చెను. ఆ రాయబారి మరలిపోవునపుడు గోలకొండ పక్షమున ముహమ్మద్ ఇబ్న్ ఖాతూన్ అను పండితుడు ఇరానునకు వెళ్లెను. ఆయనయే తరువాతి రాజు కాలమున పేష్వా అయ్యెను. మీర్ మోమిన్ 1625లో కాలధర్మము నొందెను. ఏ జన్మభూమినుండి ప్రాణములతో బయటపడెనో దానికి మరల పోక, తాను తీర్చిన నగరపు మట్టిలోనే విశ్రమించెను.

రాజ్యములు పోయినను మైత్రి మిగిలినది. 1687లో గోలకొండ మొగలుల వశమయ్యెను. కాని బజారు, కాగితము, రుమాలు, దర్జీ, గులాబి, దస్తావేజు మున్నగు ఫారసీ మాటలు మన తెలుగుతల్లి నోట స్థిరపడి, పరాయివని ఎవరికిని తోపకున్నవి. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1950వ సంవత్సరము మార్చి 15వ తేదీన భారతదేశమును ఇరానును మైత్రీ సంధిపై సంతకములు చేసినవి. మన వీథి మొగలోని ఇరానీ చాయ్ అంగడియు, తరువాతి కాలమున ఇరానునుండి వచ్చి ఇచ్చట స్థిరపడినవారు మనకిచ్చిన కానుకయే.

విద్యార్థులారా! దేశములమధ్య సంధిపత్రములను రాజులు వ్రాయుదురు. ఆ మైత్రిని బ్రదికించువారు మాత్రము మనుష్యులే. దూరదేశములనుండి వచ్చి మనకు పాఠశాలలు కట్టినవారిని ఎరిగిన మనకు ఈ మాట క్రొత్త కాదు. మీలో కొందరు రేపు అన్యదేశములకు పోవుదురు. అచ్చటి భూమిని సత్రముగా గాక ఇల్లుగా నెంచి, దానికి మేలు చేయుడు. అట్లే, మన తరగతిగదిలోనికి క్రొత్తగా వచ్చిన పరదేశపు బాలునికి మీ బల్లపై చోటిండు. ఈ మారు చార్మినారు చూడబోయినపుడు, దాయెరా మీర్ మోమిన్‌కు కూడ పోయి ఒక నిమిషము మౌనముగా నిలువుడు.