ఇనుప పెట్టెలోని మెరుపు: ఆచార్య జగదీశ్ చంద్ర బోస్

ఒకప్పుడు పొరుగింట మిక్సీ తిరిగితే మన ఇంటి రేడియోలో గరగర వినిపించేది; వీధిలో స్కూటరు పోతే టెలివిజన్ తెరపై చుక్కలు కురిసేవి. ఒక యంత్రం తన పని తాను చేసుకుంటూనే పక్క యంత్రం పనిని చెడగొట్టడం విద్యుద్యుగం వెంటబెట్టుకు వచ్చిన కొత్త చిక్కు. దీనిని అదుపు చేసే శాస్త్రానికి విద్యుదయస్కాంత అనుకూలత అని పేరు. ఆ పేరు పుట్టక ఎన్నో దశాబ్దాలకు ముందే, కలకత్తాలోని ఒక ఇరుకు గదిలో, దారితప్పే తరంగాన్ని పెట్టెలో బంధించి శాస్త్రసత్యాన్ని రాబట్టిన మహనీయుడు ఆచార్య జగదీశ్ చంద్ర బోస్. ఆయన తొలి చదువు సాగినది మాతృభాషా పాఠశాలలో.

జగదీశ్ చంద్రులు 1858 నవంబరు 30న, నేటి బంగ్లాదేశ్‌లోని మైమెన్‌సింగ్‌లో జన్మించారు. తండ్రి భగవాన్ చంద్ర బోస్ ఫరీద్‌పూర్‌లో డిప్యూటీ మేజిస్ట్రేటు. ఆ రోజులలో పిల్లవానిని ఇంగ్లీషు బడికి పంపడమే హోదాకు గుర్తు. తండ్రిగారి కింద పనిచేసే వారు సైతం తమ పిల్లలను అక్కడికే పంపుతుండగా, ఆయన మాత్రం కుమారుని వంగభాషా పాఠశాలలో చేర్పించారు. తన భాషను, తన ప్రజలను ఎరిగిన తరువాతనే పరభాష నేర్వాలన్నది ఆ తండ్రి నిశ్చయం. బడిలో ఆ బాలునికి ఒక పక్కన తండ్రిగారి ముస్లిం సేవకుని కొడుకు, మరొక పక్కన జాలరి కొడుకు కూర్చునేవారు. పక్షుల గురించి, జంతువుల గురించి, నీటి జీవుల గురించి వారు చెప్పే కథలను బోస్ చెవులప్పగించి వినేవారు. ప్రకృతిపట్ల తన జిజ్ఞాసకు బీజం పడినది అక్కడేనని పెద్దవాడైన పిదప ఆయన కృతజ్ఞతతో తలచుకున్నారు. స్నేహితులను వెంటబెట్టుకొని ఇంటికి వస్తే, తల్లి బామాసుందరీదేవి భేదం చూపక అందరికీ అన్నం పెట్టేవారు.

పదకొండవ యేట బోస్ కలకత్తా చేరారు. సెయింట్ జేవియర్స్ కళాశాలలో ఫాదర్ లాఫాఁ ప్రయోగాలు చేసి చూపుతూ భౌతికశాస్త్రం బోధించిన తీరు ఆయన మనసుకు హత్తుకున్నది. 1880లో వైద్యవిద్యకై లండన్ వెళ్లారు. విడువని జ్వరబాధ వలన దానిని మానుకొని, కేంబ్రిడ్జిలో ప్రకృతిశాస్త్రాలు చదివారు. అక్కడ లార్డ్ రేలీ ఆయనకు గురువు.

1885లో బోస్ కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్ర ఆచార్యులైనారు. అదే పదవిలో ఐరోపావారికి లభించే జీతంలో భారతీయులకు మూడింట రెండు వంతులు మాత్రమే దక్కేది. తాత్కాలిక నియామకమైనందున అందులోనూ సగమే ఆయనకు ఇవ్వజూపారు. బోస్ ఆ జీతం ముట్టలేదు, పాఠం మానలేదు. ఇంటిలో తండ్రి అప్పుల భారం ఉన్నా మూడు సంవత్సరాలు వేతనం లేకుండానే బోధించారు. ఆయన నిరసన వలన విద్యార్థికి ఒక్కనాటి నష్టమైనా కలుగలేదు. చివరకు ప్రభుత్వమే తలవంచి, నియామకపు నాటి నుండి పూర్తి జీతం లెక్కగట్టి ఇచ్చింది. ఆ సొమ్ముతో ఆయన తండ్రి అప్పులు తీర్చారు. ఆ కష్టకాలంలోనే, 1887లో, అబలాదేవిని పరిణయమాడారు. మద్రాసులో వైద్యవిద్య అభ్యసించిన విదుషీమణి ఆమె.

విద్యుదయస్కాంత తరంగాల ఉనికిని ప్రయోగపూర్వకంగా నిరూపించిన జర్మన్ శాస్త్రజ్ఞుడు హెర్ట్జ్ 1894 జనవరి 1న మరణించారు. ఆయన పరిశోధనలపై ఆలివర్ లాడ్జ్ రచన బోస్ కంటబడింది. తన ముప్పదియారవ జన్మదినాన బోస్ పరిశోధనకు జీవితాన్ని అంకితం చేయ సంకల్పించారు. కళాశాలలో ప్రత్యేక ప్రయోగశాల లేదు. స్నానాల గది పక్కనున్న చిన్న గది, చేతికి దొరికిన పనివారు, స్వయంగా గీసుకొన్న నమూనాలు మాత్రమే ఉన్నవి. హెర్ట్జ్ తరంగాల పొడవు మీటర్లలో ఉండగా, బోస్ దానిని 5 మిల్లీమీటర్ల వరకు కుదించారు. తరంగం చిన్నదైతేనే కాంతి వలె అది వంగే తీరును, పరావర్తనం చెందే తీరును బల్లమీదనే కొలవవచ్చును.

అయితే ఇక్కడొక పెద్ద చిక్కు ఎదురైంది. తరంగాలను పుట్టించేది విద్యుత్ మెరుపు. అది తరంగాలను ఒక్క దిక్కుకే పంపదు. గోడలకు, బల్లలకు తగిలి నలుమూలలా చెదరగొడుతుంది. గ్రాహకమేమో అతి సున్నితమైనది. గంధకపు పట్టకం గుండా వచ్చిన తరంగమేదో, గోడను తాకి దొంగదారిన వచ్చిన తరంగమేదో తెలియనప్పుడు కొలతకు విలువ ఏముంటుంది? బోస్ మెరుపు పుట్టించే తీగచుట్టను, బ్యాటరీని లోహపు పెట్టెలో మూసివేశారు. ఇనుము లోపలి అయస్కాంత కల్లోలాన్ని బయటికి పోనీయదు. తరంగం వెలువడేందుకు ఒక్క గొట్టం మాత్రమే ఉంచారు. ఎడతెగని మెరుపుల వరుసకు బదులు, ఒక్కొక్క కొలతకు ఒక్కొక్క మెరుపునే వాడారు. మెరుపు తాకిడికి ఉపరితలం గరుకెక్కకుండ ప్లాటినం ఉపయోగించారు. ఈ కట్టుదిట్టాల వలననే ఆయన ఫలితాలు నమ్మదగినవైనవి.

1895లో కలకత్తా టౌన్‌హాలులో ఆ అదృశ్య తరంగం గోడలను దాటి పోయి, దూరాన గంట మ్రోగించి, మందుగుండును అంటించింది. 1897 జనవరి 29న లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో బోస్ తన పరికరాలను ప్రదర్శించి ప్రసంగించారు. ఆవిష్కరణలతో ధనార్జన చేయుట ఆయనకు సమ్మతం కాదు. మిత్రుల బలవంతంపై గెలీనా స్ఫటిక గ్రాహకానికి 1904లో అమెరికా పేటెంటు లభించినా, దానినుండి లాభం పొందలేదు.

ఆ పెట్టెలోని సూత్రమే తరువాతి కాలంలో ప్రపంచానికంతటికీ అవసరమైనది. రేడియోలు పెరిగి పరస్పర బాధలు ముదరగా, 1934లో అంతర్జాతీయ రేడియో అంతరాయ నివారణ సంఘం సమావేశమైంది. 1979లో అమెరికా కంప్యూటర్ పరికరాలకు హద్దులు విధించింది. 1996 జనవరి 1 నుండి ఐరోపా సమాజంలో ఈ నిబంధనలు తప్పనిసరి అయినవి. పరీక్ష రెండు ముఖాలుగా సాగుతుంది: పరికరం ఇతరులను బాధించరాదు, ఇతరుల బాధకు తాను చెడిపోరాదు. లోహపు గోడల గదిలో, తరంగాలను పీల్చుకొనే పలకల నడుమ, పరికరాన్ని తిరిగే బల్లపై ఉంచి, 3 లేక 10 మీటర్ల దూరాన యాంటెన్నాతో కొలుస్తారు. 30 నుండి 1000 మెగాహెర్ట్జ్ వరకు గాలిలో వెలువడేదానిని, అంతకు తక్కువ పౌనఃపున్యాలలో కరెంటు తీగ వెంట పారేదానిని పరిశీలిస్తారు. చెన్నైలోని సమీర్ సంస్థ విద్యుదయస్కాంత కేంద్రంలో ఇటువంటి పరీక్షలు జరుగుతున్నవి. ఈ నిబంధనలకు బోస్ కర్త కారు. కాని బయటి తరంగాన్ని రానీయక, లోపలి తరంగాన్ని దారితప్పనీయక కొలిచినప్పుడే సత్యం తెలుస్తుందన్న క్రమశిక్షణను ఆయన ఆనాడే ఆచరించి చూపారు.

తదనంతరం బోస్ దృష్టి మొక్కల జీవస్పందనలపై నిలిచింది. 1917లో తన జన్మదినాన కలకత్తాలో బోస్ విజ్ఞాన మందిరాన్ని స్థాపించారు. 1920లో రాయల్ సొసైటీ సభ్యులైనారు. లోకఖ్యాతి గడించినా తొలి బడి భాషను మరువలేదు. 1921లో వంగభాషలో తమ వ్యాసాలను అవ్యక్త అను గ్రంథంగా వెలువరించారు. 1937 నవంబరు 23న గిరిడీలో కన్నుమూశారు. ఆయన మిల్లీమీటరు తరంగ ప్రయోగాలను 2012లో అంతర్జాతీయ విద్యుత్ ఇంజనీర్ల సంఘం మైలురాయిగా గౌరవించింది.

మాతృభాషలో చదివిన పిల్లలు విజ్ఞానశాస్త్రంలో వెనుకబడుదురేమోనని సందేహించే తల్లిదండ్రులు ఫరీద్‌పూర్ బడిలో ఆ బల్లను ఒక్కసారి తలచుకొనవలెను. జాలరి కొడుకు పక్కన కూర్చొని కథలు విన్న ఆ బాలుడే, కంటికి కానరాని తరంగానికి దారి చూపి, హద్దు గీసినాడు.