భిలాయ్ ఉక్కు, నియోగి లెక్క

ప్రాంతీయ అసమానతలపై పార్లమెంటులో చర్చ వచ్చినప్పుడల్లా తమ ప్రాంతానికొక భారీ కర్మాగారం కావాలని సభ్యులు కోరడం పరిపాటి. విలేకరుల గ్యాలరీ నుంచి ఆ ప్రసంగాలు వింటున్నప్పుడు నాకు శంకర్ గుహా నియోగి స్ఫురిస్తారు. కర్మాగారం వచ్చినంత మాత్రాన ప్రాంతం బాగుపడుతుందా అన్న ప్రశ్నతోనే ఆయన జీవితమంతా గడిచింది.

1955 నాటి సోవియట్ ఒప్పందం ఫలితంగా, వెనుకబడిన ఛత్తీస్‌గఢ్ ప్రాంతంలో భిలాయ్ ఉక్కు కర్మాగారం వెలిసింది. 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. 1943లో జన్మించిన నియోగి బెంగాల్ నుంచి వచ్చి అక్కడి కోక్ ఓవెన్లలో పనిచేశారు. కార్మికోద్యమం కారణంగా ఉద్యోగం పోయింది. కొంతకాలం అజ్ఞాతంలో గడిపి, దానీటోలా గనిలో కూలీగా చేరి, ఆదివాసీ యువతిని వివాహమాడారు. ఎమర్జెన్సీలో కారాగారవాసం అనుభవించారు.

భిలాయ్ కొలుములకు ఖనిజం అందించేవి దల్లీ-రాజహరా గనులు. టౌన్‌షిప్‌లో పర్మనెంటు ఉద్యోగికి ఇల్లు, బడి, ఆస్పత్రి అమరగా, గనిలో రాయి కొట్టే కాంట్రాక్టు కూలీకి గుడిసే గతి అయింది. 1977లో ఆ కూలీలు నియోగి నాయకత్వాన సొంత సంఘం స్థాపించుకున్నారు. ఆ జూన్‌లోనే పోలీసు కాల్పులలో 11 మంది నేలకొరిగారు. అయినా నియోగి వేతనాలతోనే ఆగలేదు. మద్యపానాన్ని మాన్పించారు. 1983లో కార్మికుల చందాలతో షహీద్ ఆస్పత్రి నెలకొల్పారు. గనులను పూర్తిగా యాంత్రీకరిస్తే స్థానికులకు పని పోతుందని, పాక్షిక యాంత్రీకరణ చాలునని వాదించారు.

మరోవంక 1956 నుంచి సుమారు మూడున్నర దశాబ్దాలపాటు అమలైన రవాణా చార్జీల సమీకరణ విధానం వల్ల ఉక్కు దేశమంతటా ఒకే ధరకు లభించింది. ఖనిజం ఉన్న ప్రాంతాలకు సహజంగా దక్కవలసిన అనుకూలత దక్కలేదు.

1990లో నియోగి భిలాయ్ ప్రైవేటు పరిశ్రమల కాంట్రాక్టు కార్మికుల పక్షాన నిలిచారు. 1991 సెప్టెంబరులో కార్మికులతో ఢిల్లీ వచ్చి రాష్ట్రపతికి వినతిపత్రం సమర్పించారు. అదే నెల 28న భిలాయ్‌లో నిద్రలో ఉండగా ఆయనను కాల్చి చంపారు. 1997లో దిగువ న్యాయస్థానం పారిశ్రామికవేత్తలను సైతం దోషులుగా నిర్ణయించింది. 2005లో సుప్రీంకోర్టు మాత్రం తుపాకి పేల్చిన ఒక్కడికే యావజ్జీవ శిక్ష ఖరారు చేసింది.

1966లో విశాఖ ఉక్కుకై ప్రాణాలర్పించిన తెలుగువారికి ఇది పరాయి కథ కాదు. అక్కడా భూములు కోల్పోయిన నిర్వాసితుల ఉపాధి సమస్య దశాబ్దాలు నడిచింది. ప్రాంతాల మధ్య అంతరాన్ని తలసరి ఆదాయపు సగటుతో కొలిచే మన ప్రణాళికావేత్తలు, కర్మాగారపు ప్రహరీకి ఇటూ అటూ ఉన్న అంతరాన్ని కూడా కొలవాలి. నియోగి కోరినది అదే.