గడియారం తాకట్టు పెట్టి కాల్చిన ఇటుకలు

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఎవరి జీవితం రాయాలా అని ఆలోచిస్తే, ఇటుకల కోసం తన గడియారం తాకట్టు పెట్టిన ఒక ఉపాధ్యాయుడు మాకు గుర్తుకు వచ్చారు. ఆయనే బుకర్ టి. వాషింగ్టన్.

1856లో అమెరికాలోని వర్జీనియాలో బానిస తల్లికి జన్మించారు. 1865లో బానిసత్వం పోయాక ఉప్పు బట్టీలలో, బొగ్గు గనుల్లో పనిచేస్తూనే అక్షరాలు నేర్చుకున్నారు. 1872లో హాంప్టన్‌లో చదువుకోవడానికి సుమారు 500 మైళ్ళు, చాలా దూరం నడిచే, ప్రయాణించారు. చేతిలో డబ్బు అయిపోతే దారిలో చెక్కల కాలిబాట కింద పడుకున్నారు. అక్కడ ఆయనకు పెట్టిన ప్రవేశపరీక్ష ఒక గది ఊడ్చడం! మూడుసార్లు ఊడ్చి, నాలుగుసార్లు దుమ్ము తుడిచి సీటు సంపాదించారు.

1881 జులై 4న అలబామా రాష్ట్రంలోని టస్కెగీలో 30 మంది నల్లజాతి విద్యార్థులతో బడి ప్రారంభించారు. ప్రభుత్వం ఏటా ఇచ్చే 2,000 డాలర్లు జీతాలకే. సొంత స్థలం లేదు, భవనం లేదు. వాన వస్తే ఒక విద్యార్థి గొడుగు పట్టుకునేవాడు, ఆయన పాఠం చెప్పేవారు. అప్పు చేసి 100 ఎకరాల పాడుబడ్డ భూమి కొన్నారు. పేదలు తమకు ఉన్నదే ఇచ్చారు. ఒక ముసలమ్మ ఆరు కోడిగుడ్లు తెచ్చి ఇచ్చింది.

భవనాలకు ఇటుకలు విద్యార్థులే చేశారు. మోకాలి లోతు బురదలో దిగడం నామోషీ అనుకుని కొందరు బడి మానేశారు. మూడు బట్టీలు వరుసగా పాడయ్యాయి. చేతిలో డబ్బు లేదు. అప్పుడే గడియారం 15 డాలర్లకు తాకట్టు పెట్టారు. నాలుగో బట్టీ నిలిచింది. గడియారం మాత్రం తిరిగి రాలేదు.

సమాన హక్కుల కోసం ఆయన గట్టిగా అడగలేదని 1903లో డుబోయిస్ విమర్శించారు. ఆ విమర్శలో న్యాయం ఉందనే మేమూ అనుకుంటున్నాం. అయినా 1915 నవంబరు 14న ఆయన కన్నుమూసేనాటికి టస్కెగీలో 100కు పైగా భవనాలు, సుమారు 1,500 మంది విద్యార్థులు ఉన్నారు. నేడు అది విశ్వవిద్యాలయం.

గది ఊడ్చే వంతు వచ్చినప్పుడు తప్పించుకోవాలని చూసే మాకు ఈ జీవితం ఒక పాఠం. చదువు మన హక్కు, దాన్ని అడిగే తీసుకుందాం. పనిని మాత్రం చిన్నచూపు చూడవద్దు. పూర్వ విద్యార్థులైన అన్నలారా, రేపు వచ్చే తమ్ముళ్ళ కోసం తలా ఒక ఇటుక పేరుద్దాం.