గాల్లో నిలబడ్డ జడ్జిగారు

ఫస్టియర్ మెకానిక్స్‌లో బోలెడన్ని ఫ్రీ బాడీ డయాగ్రామ్‌లు గీశాం కదా. మొన్న సెలవుల్లో నేను ఒక మనిషికి గీశాను. నేల నుంచి 2.80 మీటర్ల ఎత్తులో రెండు రింగులు, వాటి మధ్య 50 సెంటీమీటర్ల దూరం. వాటిని పట్టుకుని, చేతులు రెండు పక్కలకీ బారజాపి, శిలువలా కదలకుండా ఉండాలి. మనిషి 60 కిలోలైతే ఒక్కో చేతికి దాదాపు 300 న్యూటన్లు. చేయి 0.6 మీటర్లనుకుంటే ఒక్కో భుజం మీద 180 న్యూటన్ మీటర్ల మొమెంట్! పైగా రింగులు వేలాడుతుంటాయి. కాస్త వణికితే చాలు, అవీ ఊగుతాయి.

ఇందులో ప్రపంచాన్ని గెలిచినవాడు లియోన్ ష్టుకెల్. వృత్తి రీత్యా జడ్జి.

1898 నవంబర్ 12న నోవో మెస్టోలో పుట్టాడు. అప్పుడది ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యం, తర్వాత యుగోస్లావియా, ఇప్పుడు స్లొవేనియా. ఊరు అదే, దేశం పేరే మారుతూ వచ్చింది. చిన్నప్పుడే సొకోల్ అనే వ్యాయామ సంఘంలో చేరాడు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో ఆల్‌రౌండ్‌లోనూ, హారిజాంటల్ బార్ మీదా స్వర్ణాలు కొట్టాడు. యుగోస్లావియాకు ఒలింపిక్స్‌లో అవే మొదటి స్వర్ణాలు.

అయినా చదువు వదల్లేదు. 1927లో లా డిగ్రీ పూర్తిచేశాడు. మరుసటి ఏడాదే ఆమ్‌స్టర్‌డామ్‌లో రింగ్స్ మీద స్వర్ణం! 1932లో లాస్ ఏంజెలెస్‌కి యుగోస్లావియా జిమ్నాస్ట్‌లను పంపలేదు. నాలుగేళ్లు ఆగి, 37 ఏళ్ల వయసులో బెర్లిన్ వెళ్లి, మళ్లీ రింగ్స్ మీదే రజతం తెచ్చుకున్నాడు. మొత్తం ఆరు ఒలింపిక్ పతకాలు.

అసలు కష్టం ఆ తర్వాత వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక వచ్చిన కమ్యూనిస్టు ప్రభుత్వం ఆయన్ని జడ్జి పదవి నుంచి తీసేసింది. కొన్నాళ్లు జైల్లో కూడా ఉన్నాడు. బయటికొచ్చాక మారిబోర్‌లో లాయర్ దగ్గర సహాయకుడిగా పనిచేశాడు. తీర్పులు చెప్పిన మనిషి వేరేవాళ్ల ఫైళ్లు చూసుకుంటూ బతకాల్సి వచ్చింది. పదవి పోయింది, పేరు మసకబారింది. వ్యాయామం మాత్రం మానలేదు. ముసలితనంలో కూడా ఇంట్లో రింగులు పట్టుకునేవాడు.

1996 అట్లాంటా ప్రారంభోత్సవంలో, బతికున్న ఒలింపిక్ విజేతల్లో పెద్దవాడిగా ఆయన్ని వేదిక మీదికి పిలిచారు. 97 ఏళ్ల మనిషి చేతికర్ర లేకుండా హుషారుగా వచ్చేశాడు! 1999 నవంబర్ 8న కన్నుమూశాడు. ఇంకో నాలుగు రోజులుంటే 101 నిండేవి.

నా సంగతి చెప్పాలి. సెకండియర్‌లో ఒక బ్యాక్‌లాగ్ పడగానే కబడ్డీ మానేశాను. ఆటా చదువూ రెండూ కుదరవని ఇంట్లో అన్నారు, నేనూ నమ్మాను. నిజం చెప్పొద్దూ, గ్రౌండ్‌కి పోయే ఆ రెండు గంటలూ రోజూ ఫోన్‌తోనే గడిచిపోయాయి. బ్యాక్‌లాగ్ ఇంకా అలాగే ఉంది.

ఆ డయాగ్రామ్‌ని నోట్‌బుక్ వెనక అట్టమీద అంటించుకున్నాను. సప్లీకి ఇంకా నెల టైముంది. షూస్ మాత్రం నిన్న సాయంత్రమే అటక మీంచి దించాను.