మడ్డీ వాటర్స్

మడ్డీ వాటర్స్ (ఏప్రిల్ 4, 1913 - ఏప్రిల్ 30, 1983) సుప్రసిద్ధ ఆఫ్రికన్ అమెరికన్ బ్లూస్ గాయకుడు, గిటారు వాద్యకారుడు, గీత రచయిత. ఇతని అసలు పేరు మెకిన్లీ మోర్గన్‌ఫీల్డ్. మిసిసిపి డెల్టా ప్రాంతపు పల్లె సంగీతాన్ని షికాగో నగరానికి తెచ్చి, విద్యుత్ గిటారుతో దానికి కొత్త రూపమిచ్చిన వారిలో ఇతడు అగ్రగణ్యుడు. అసలైన బ్లూస్ ఏది, దానిని నిర్ణయించవలసినది పాడేవారా, వినేవారా అన్న వివాదము ఇతని జీవితమంతా వెన్నంటి వచ్చింది.

బాల్యము

మడ్డీ వాటర్స్ అమెరికాలోని మిసిసిపి రాష్ట్రంలో ఒక పేద వ్యవసాయ కుటుంబంలో జన్మించాడు. తన జన్మ సంవత్సరము 1915 అని, జన్మస్థలము రోలింగ్ ఫోర్క్ అని ఇతడు చెప్పుకొన్నప్పటికీ, 1913లోనే జన్మించాడని పరిశోధకులు అనేకులు భావిస్తారు. పసితనంలోనే తల్లి మరణించగా, క్లార్క్స్‌డేల్ పట్టణ సమీపంలోని స్టోవాల్ పత్తి ఎస్టేటులో అమ్మమ్మ డెల్లా గ్రాంట్ ఇతనిని పెంచింది. చిన్ననాడు బురదనీటిలో ఆడుకొనేవాడు కనుక మడ్డీ అనే ముద్దుపేరు వచ్చింది. ఆంగ్లంలో మడ్డీ అనగా బురదతో కూడినది అని అర్థము. వాటర్స్ అనేది తరువాత చేరింది.

బడి చదువు కొద్దికాలమే సాగింది. పత్తి చేలలో పని చేస్తూ మొదట మౌతార్గాన్, పదిహేడేళ్ళ ప్రాయంలో గిటారు నేర్చుకున్నాడు. సన్ హౌస్, రాబర్ట్ జాన్సన్‌ల శైలి ఇతనిపై గాఢమైన ప్రభావము చూపింది. సీసా మెడను వేలికి తొడిగి తీగలపై జార్చడం ఆ శైలిలోని ముఖ్య లక్షణము. గోటువాద్యంలో వలె స్వరము ఒకచోట ఆగక జారుతూ పలకడం దీని ప్రత్యేకత.

స్టోవాల్ రికార్డింగులు

1941 ఆగష్టులో అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తరఫున అలాన్ లోమాక్స్, ఫిస్క్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ వర్క్ జానపద సంగీతాన్ని సేకరిస్తూ స్టోవాల్ వచ్చి ఇతని పాటలను రికార్డు చేశారు. 1942లో లోమాక్స్ మరల వచ్చాడు. తన గొంతును రికార్డులో విన్న తరువాతనే సంగీతమే వృత్తిగా బ్రతకగలనన్న నమ్మకము ఇతనికి కలిగింది.

నాటి పాటలలో ఐ బీజ్ ట్రబుల్డ్ ఒకటి. ఈ పేరు బడిలో నేర్పే ఆంగ్ల వ్యాకరణానికి లొంగదు. ఆఫ్రికన్ అమెరికన్ల వాడుక భాషలో బీ అనే క్రియ అలవాటుగా ఉండే స్థితిని సూచిస్తుందని భాషా శాస్త్రజ్ఞులు వివరిస్తారు. కనుక ఈ పేరు ఒకనాటి బాధను కాక, ఎన్నటికీ వదలని బాధను తెలుపుతుంది.

షికాగో

1943లో ఇతడు షికాగోకు వలస వెళ్ళాడు. 1910 నుండి 1970 వరకు సుమారు 60 లక్షల మంది నల్లజాతివారు దక్షిణ రాష్ట్రాలను విడిచిపెట్టిన మహా వలసలో ఇది ఒక భాగము. పగలు కాగితపు మిల్లులోను, లారీ డ్రైవరుగాను పని చేస్తూ రాత్రులు పాడేవాడు. క్లబ్బుల సందడిలో మామూలు గిటారు వినబడదు కనుక విద్యుత్ గిటారును చేపట్టాడు. అది ఫ్యాషను కాదు, అవసరము.

1948లో అరిస్టోక్రాట్ సంస్థ ఐ కాంట్ బి శాటిస్‌ఫైడ్ అనే రికార్డును విడుదల చేసింది. ఇది ఐ బీజ్ ట్రబుల్డ్ పాటకే కొత్త రూపము. డెల్టా నుండి వలస వచ్చినవారు దీనిని ఆదరించి కొన్నారు. 1950లో ఆ సంస్థ చెస్ రికార్డ్స్‌గా మారింది. లిటిల్ వాల్టర్ (మౌతార్గాన్), జిమ్మీ రోజర్స్ (గిటారు), ఓటిస్ స్పాన్ (పియానో) వంటి వారితో కూడిన ఇతని బృందము షికాగో బ్లూస్‌కు ప్రమాణముగా నిలిచింది.

పాటలలోని భాష

1954లో విల్లీ డిక్సన్ రచించిన హూచీ కూచీ మ్యాన్ రిథమ్ అండ్ బ్లూస్ జాబితాలో 3వ స్థానానికి చేరింది. హూడూ అనే జానపద విశ్వాసాలకు చెందిన మాటలు ఇందులో ఎక్కువ. మోజో వాటిలో ఒకటి. వేర్లు మొదలైనవి మూటగట్టి, తాయెత్తు వలె ధరించే చిన్న సంచి ఇది. తెలుగు పదమైన మోజుతో దీనికి సంబంధము లేదు. డెల్టా నుండి వచ్చిన శ్రోతలకు ఇవి ఇంటి మాటలు. ఇతర దేశాల అభిమానులు అర్థము వెదకి నేర్చుకోవలసి వచ్చింది.

1955లో వచ్చిన మ్యానిష్ బాయ్ పాటకు మరొక విశేషము ఉంది. దక్షిణ రాష్ట్రాలలో నల్లజాతి పురుషుని, ఎంత వయసు వచ్చినా, తెల్లవారు కుర్రవాడా అని పిలిచేవారు. తాను కుర్రవాడిని కాను, మనిషినని ఈ పాటలో గాయకుడు ప్రకటిస్తాడు.

ఇంగ్లాండు పర్యటనలు

1958లో క్రిస్ బార్బర్ ఆహ్వానముపై ఇతడు ఓటిస్ స్పాన్‌తో ఇంగ్లాండు వెళ్ళాడు. అక్కడివారు అంతకు ముందు చూసిన బ్లూస్ గాయకులలో ముఖ్యుడు బిగ్ బిల్ బ్రూంజీ. బ్రూంజీ షికాగోలో బృంద వాద్యాలతో రికార్డులు చేసిన నగర కళాకారుడే అయినా, యూరప్ వేదికలపై ఒంటరిగా, మామూలు గిటారుతో పల్లె గాయకునివలె పాడేవాడు. అదే అసలైన బ్లూస్ అని నమ్మిన విమర్శకులు కొందరు మడ్డీ వాటర్స్ విద్యుత్ గిటారు హోరును నిరసించారు.

1963లో ఇతడు వారి అభిరుచికి తగినట్లు మామూలు గిటారుతో మరల వెళ్ళాడు. అప్పటికి అక్కడి యువతరము విద్యుత్ బ్లూస్‌కు అలవాటుపడి, అదే ఆశించి నిరాశ చెందింది. 1962లో ఏర్పడిన రోలింగ్ స్టోన్స్ బృందము తన పేరును ఇతని 1950 నాటి పాట నుండే తీసుకుంది. ఇటువంటి బ్రిటిష్ గాయకులు తమ స్వంత యాసను విడిచి అమెరికా ఉచ్చారణను అనుకరించారు. తాము కోరుకున్న గుర్తింపు కొరకు గాయకులు యాస మార్చుకొనే ఈ తీరును భాషా శాస్త్రవేత్త పీటర్ ట్రడ్‌గిల్ 1983లో ప్రచురించిన వ్యాసంలో విశ్లేషించాడు.

మారిన శ్రోతలు

1960లలో నల్లజాతి యువతలో అనేకులు సోల్ సంగీతము వైపు మళ్ళారు. వారికి బ్లూస్ తాతల నాటి పత్తి చేలను, పేదరికాన్ని గుర్తుచేసేది. ఇతని కచేరీలలో తెల్లజాతి శ్రోతల సంఖ్య పెరిగింది. జానపద సంగీతాభిమానుల కొరకు 1964లో ఫోక్ సింగర్, రాక్ అభిమానుల కొరకు 1968లో ఎలక్ట్రిక్ మడ్ ఆల్బములను చెస్ సంస్థ విడుదల చేసింది. రెండవది బాగా అమ్ముడైనా, బ్లూస్ విమర్శకులు దానిని తీవ్రంగా ఖండించారు. తన పాటల హక్కులపై రావలసిన సొమ్ము కొరకు 1976లో ఇతడు, డిక్సన్ ఆర్క్ మ్యూజిక్ ప్రచురణ సంస్థపై దావా వేయగా, అది రాజీతో ముగిసింది.

చివరి రోజులు, గౌరవాలు

1977లో జానీ వింటర్ నిర్మాణంలో వచ్చిన హార్డ్ అగెయిన్ ఆల్బము ఇతనికి పూర్వ వైభవము తెచ్చింది. జీవితకాలంలో ఆరు గ్రామీ పురస్కారాలు లభించాయి. 1983 ఏప్రిల్ 30న షికాగో సమీపంలోని వెస్ట్‌మాంట్‌లో నిద్రలోనే మరణించాడు. 1987లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో స్థానము లభించింది. 1994లో అమెరికా తపాలా శాఖ స్మారక బిళ్ళ విడుదల చేసింది. షికాగోలో ఇతడు నివసించిన ఇంటిని నగర పాలక సంస్థ 2021లో చారిత్రక కట్టడముగా ప్రకటించింది. స్టోవాల్‌లో నివసించిన పూరింటి అవశేషాలు క్లార్క్స్‌డేల్‌లోని డెల్టా బ్లూస్ మ్యూజియములో ఉన్నాయి.