రికార్డో జమోరా

రికార్డో జమోరా (జనవరి 21, 1901 - సెప్టెంబర్ 8, 1978) స్పెయిన్ దేశానికి చెందిన సుప్రసిద్ధ ఫుట్‌బాల్ గోల్‌కీపర్, శిక్షకుడు. ఇతని పూర్తిపేరు రికార్డో జమోరా మార్టినెజ్. అభిమానులు ఇతనిని 'ఎల్ దివీనో' (దివ్యుడు) అని పిలిచేవారు. 1920 నుండి 1936 వరకు స్పెయిన్ జాతీయ జట్టు తరఫున 46 మ్యాచ్‌లు ఆడి, వాటిలో 42 గోల్స్ మాత్రమే ఇచ్చాడు. స్పెయిన్ అంతర్యుద్ధంలో చెరసాల పాలై ప్రాణాలతో బయటపడ్డాడు. యుద్ధం ముగిశాక శిక్షకుడిగా మారి, అట్లెటికో జట్టుకు వరుసగా రెండు జాతీయ లీగ్ విజయాలు సాధించిపెట్టాడు. స్పెయిన్‌లో ప్రతి ఏటా ఉత్తమ గోల్‌కీపర్‌కు ఇచ్చే బహుమతికి ఇతని పేరే పెట్టారు.

బాల్యం, తొలి రోజులు

జమోరా 1901లో బార్సిలోనా నగరంలో జన్మించాడు. తండ్రి వైద్యుడు. కుమారుడు కూడా వైద్యుడు కావాలని ఆయన కోరిక. కానీ జమోరా మనసు చదువు కంటె ఆటల వైపే మొగ్గింది. 1916లో, ఇంకా పదిహేనేళ్ళ వయసులోనే, ఎస్పాన్యోల్ క్లబ్బులో చేరాడు. 1919లో అదే నగరానికి చెందిన ప్రత్యర్థి క్లబ్బు బార్సిలోనాకు మారాడు. ఆ జట్టుతో 1920, 1922 సంవత్సరాలలో స్పెయిన్ కప్ గెలుచుకొని, 1922లో తిరిగి ఎస్పాన్యోల్‌కు వచ్చాడు. 1929లో ఎస్పాన్యోల్ జట్టు కూడా కప్ గెలిచింది.

ఆట తీరు

ఆ కాలంలో బంతి దళసరి తోలుతో తయారయ్యేది. వాన పడితే నీటిని పీల్చుకొని మరింత బరువెక్కేది. గాయపడిన ఆటగాడి స్థానంలో మరొకరిని దింపే నియమం సాధారణంగా ఉండేది కాదు. అందువలన గోల్‌కీపర్ దెబ్బలు తగిలినా చివరివరకు నిలబడవలసి వచ్చేది. పొడగరి, దృఢకాయుడు అయిన జమోరా ఈ పరిస్థితులలో తనకంటూ ఒక పద్ధతిని ఏర్పరచుకున్నాడు. ఎత్తుగా వచ్చిన బంతిని పిడికిలితో కాక ముంజేతితో, మోచేతితో బలంగా కొట్టి దూరంగా పంపేవాడు. ఈ విధానానికి స్పెయిన్‌లో 'జమోరానా' అనే పేరు స్థిరపడింది. మెడ వరకు కప్పే ఉన్ని స్వెట్టరు, తలపై టోపీ అతని గుర్తులుగా మారాయి.

జాతీయ జట్టులో

1920లో బెల్జియంలో జరిగిన ఆంట్‌వెర్ప్ ఒలింపిక్స్ కోసం స్పెయిన్ మొట్టమొదటిసారిగా జాతీయ జట్టును రూపొందించింది. ఆగస్టు 28న ఆ జట్టు తన తొలి మ్యాచ్‌లో డెన్మార్క్‌ను 1-0 తేడాతో ఓడించింది. అప్పటికి జమోరా వయసు 19 సంవత్సరాలు. తరువాత ఇటలీతో జరిగిన మ్యాచ్‌లో ప్రత్యర్థిని కొట్టినందుకు రిఫరీ అతనిని మైదానం నుండి పంపివేశాడు. అయినా స్పెయిన్ జట్టు రజత పతకంతో తిరిగివచ్చింది.

1929 మే 15న మాడ్రిడ్‌లో స్పెయిన్ 4-3 తేడాతో ఇంగ్లండును ఓడించింది. బ్రిటిష్ దీవులకు వెలుపలి జట్టు చేతిలో ఇంగ్లండుకు అదే మొదటి ఓటమి. ఆ మ్యాచ్‌లో జమోరా రొమ్ము ఎముక విరిగినా ఆట కొనసాగించాడని చెబుతారు. అయితే 1931 డిసెంబరులో లండన్‌లో జరిగిన తిరుగు మ్యాచ్‌లో ఇంగ్లండు 7-1 తేడాతో నెగ్గింది. జమోరా జీవితంలో అత్యంత చేదు ఓటములలో ఇది ఒకటి.

1934లో ఇటలీలో జరిగిన ప్రపంచ కప్‌లో స్పెయిన్ తొలి మ్యాచ్‌లోనే బ్రెజిల్‌ను 3-1 తేడాతో ఇంటికి పంపింది. అందులో వాల్డెమార్ డి బ్రిటో కొట్టిన పెనాల్టీ కిక్‌ను జమోరా ఆపాడు. తరువాతి కాలంలో బాలుడైన పెలేలోని ప్రతిభను గుర్తించినవాడు ఈ డి బ్రిటోయే. క్వార్టర్ ఫైనల్‌లో ఆతిథ్య జట్టు ఇటలీతో మ్యాచ్ అదనపు సమయం తరువాత కూడా 1-1గా ముగిసింది. ఇటలీ గోల్ చేసిన సమయంలో వారి ఆటగాడు ఒకడు జమోరాను అడ్డుకున్నాడని స్పెయిన్ ఆటగాళ్ళు వాదించినా ఫలితం లేకపోయింది. మరుసటి రోజే మ్యాచ్‌ను తిరిగి ఆడించారు. గాయాల వలన జమోరా అందులో ఆడలేకపోయాడు. స్పెయిన్ 0-1 తేడాతో ఓడి పోటీ నుండి నిష్క్రమించింది. ఆ ఏడాదే స్పెయిన్ రిపబ్లిక్ ప్రభుత్వం జమోరాను పురస్కారంతో గౌరవించింది.

మాడ్రిడ్‌లో

1930లో రియల్ మాడ్రిడ్ క్లబ్బు స్పెయిన్‌లో అంతకుముందెన్నడూ ఎరుగనంత మొత్తం చెల్లించి జమోరాను తీసుకుంది. 1931లో రాచరికం పోయి రిపబ్లిక్ ఏర్పడినందువలన క్లబ్బు తన పేరులోని 'రియల్' (రాజ) అనే మాటను తొలగించుకోవలసి వచ్చింది. 1931-32లో మాడ్రిడ్ జట్టు ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా లీగ్ విజేతగా నిలిచింది. మరుసటి ఏడాది కూడా లీగ్ వారిదే. 1934లో స్పెయిన్ కప్ కూడా గెలిచింది.

1936 జూన్ 21న వలెన్సియా నగరంలో జరిగిన కప్ ఫైనల్‌లో మాడ్రిడ్, బార్సిలోనా జట్లు తలపడ్డాయి. మాడ్రిడ్ 2-1 ఆధిక్యంలో ఉండగా చివరి నిమిషాలలో బార్సిలోనా ఆటగాడు ఎస్కోలా అతి సమీపం నుండి బంతిని గోల్ వైపు కొట్టాడు. గోల్ స్తంభం వద్ద దుమ్ము లేచింది. అందరూ గోల్ అయిందనే అనుకున్నారు. దుమ్ము అణగేసరికి బంతి జమోరా చేతులలో ఉంది. ఆ దృశ్యపు ఛాయాచిత్రం స్పెయిన్ క్రీడా చరిత్రలో ప్రసిద్ధి చెందింది. స్పెయిన్‌లో జమోరా ఆడిన చివరి పెద్ద మ్యాచ్ అదే. నెల తిరగకముందే దేశంలో అంతర్యుద్ధం మొదలైంది.

అంతర్యుద్ధం

యుద్ధం ఆరంభమయ్యేనాటికి జమోరా మాడ్రిడ్‌లోనే ఉన్నాడు. నగరం రిపబ్లిక్ పక్షం అధీనంలో ఉండేది. 'యా' అనే కాథలిక్ దినపత్రికకు వ్యాసాలు రాయడం వలన అతనిపై అనుమానం పడింది. రెండేళ్ళ క్రితం రిపబ్లిక్ చేతుల మీదుగా సన్మానం పొందినవాడినే ఆ పక్షపు సాయుధ దళాలు బంధించి మోడెలో కారాగారంలో ఉంచాయి. మరోవైపు తిరుగుబాటు పక్షం వారు జమోరాను శత్రువులు చంపివేశారని ప్రచారం చేశారు. ఆ వార్తను నమ్మి సంతాపం తెలిపినవారూ ఉన్నారు.

ఆ కారాగారం నుండి తీసుకువెళ్ళిన ఖైదీలలో అనేకులు తిరిగి రాలేదు. జమోరాను మాత్రం అతని కీర్తే కాపాడింది. కావలివారిలోనూ అతని అభిమానులు ఉండేవారు. పెద్రో లూయిస్ డి గాల్వెజ్ అనే కవి జోక్యం చేసుకొని అతనికి హాని జరగకుండా చూశాడనే కథ ప్రచారంలో ఉంది. విడుదలైన తరువాత జమోరా అర్జెంటీనా రాయబార కార్యాలయంలో ఆశ్రయం పొంది, అక్కడి నుండి ఫ్రాన్సుకు చేరుకున్నాడు. అక్కడ నీస్ క్లబ్బులో తన పాత మిత్రుడు జోసెప్ సమిటియెర్‌తో కలిసి 1938 వరకు ఆడాడు. 1938 డిసెంబరులో స్పెయిన్‌కు తిరిగివచ్చి, సాన్ సెబాస్టియన్‌లో ఫ్రాంకో పక్షపు సైనికుల సహాయార్థం జరిగిన మ్యాచ్‌లో పాల్గొన్నాడు.

శిక్షకుడిగా

1939లో యుద్ధం ముగిసేనాటికి మాడ్రిడ్‌లోని అథ్లెటిక్ క్లబ్బు చితికిపోయి ఉంది. దాని ఆటగాళ్ళలో కొందరు యుద్ధంలో మరణించారు. మైదానం దెబ్బతింది. క్లబ్బు అప్పులలో కూరుకుపోయింది. ఆ పరిస్థితిలో అది వైమానిక దళానికి చెందిన జట్టుతో విలీనమై 'అట్లెటికో అవియాసియోన్'గా మారింది. దీని శిక్షణ బాధ్యతను జమోరా చేపట్టాడు.

నిజానికి ఈ జట్టుకు మొదటి శ్రేణిలో చోటే లేదు. యుద్ధానికి ముందు జరిగిన చివరి లీగ్‌లో అథ్లెటిక్ రెండవ శ్రేణికి దిగజారింది. ఒవియెడో నగరంలోని మైదానం యుద్ధంలో ధ్వంసమైనందున ఆ క్లబ్బు ఒక ఏడాది ఆడలేకపోయింది. ఖాళీ అయిన ఆ స్థానం కోసం జరిగిన మ్యాచ్‌లో అట్లెటికో 3-1 తేడాతో ఒసాసునాను ఓడించి మొదటి శ్రేణిలో ప్రవేశించింది. అలా చివరగా చేరిన జట్టే 1939-40 లీగ్ విజేత అయింది. సెవియా కంటె ఒకే ఒక్క పాయింటు ఆధిక్యం. 1940-41లోనూ అట్లెటికోయే గెలిచింది. ఆ క్లబ్బు చరిత్రలో ఇవే మొదటి లీగ్ విజయాలు. జెర్మాన్, గాబిలోండో, మచీన్ అనే ముగ్గురు మధ్య వరుస ఆటగాళ్ళు ఈ జట్టుకు వెన్నెముకగా నిలిచారు. ఆటగాడిగా రెండు, శిక్షకుడిగా రెండు చొప్పున జమోరా మొత్తం నాలుగు లీగ్ విజయాలలో పాలుపంచుకున్నాడు.

1946లో జమోరా వీగో నగరానికి చెందిన సెల్టా జట్టుకు శిక్షకుడయ్యాడు. 1947-48లో ఈ చిన్న క్లబ్బు లీగ్‌లో నాలుగవ స్థానం పొంది, కప్ ఫైనల్‌కు కూడా చేరింది. ఫైనల్‌లో సెవియా 4-1 తేడాతో గెలిచింది. ఆ ఏడాది లీగ్‌లో అత్యధిక గోల్స్ చేసిన పాహీన్యో ఈ సెల్టా జట్టు ఆటగాడే. 1952లో జమోరా కొద్దికాలం స్పెయిన్ జాతీయ జట్టుకు శిక్షణ ఇచ్చాడు. అతని ఆధ్వర్యంలో జరిగినవి రెండే మ్యాచ్‌లు. ఐర్లండుపై 6-0 తేడాతో విజయం లభించగా, టర్కీతో మ్యాచ్ డ్రాగా ముగిసింది. తరువాత తన తొలి క్లబ్బు ఎస్పాన్యోల్‌కు కూడా శిక్షకుడిగా పనిచేశాడు.

గుర్తింపు

1958లో 'మార్కా' అనే క్రీడా పత్రిక జమోరా పేరిట ఒక బహుమతిని నెలకొల్పింది. లీగ్‌లో నిర్ణీత సంఖ్యకు తగ్గకుండా మ్యాచ్‌లు ఆడి, సగటున మ్యాచ్‌కు అతి తక్కువ గోల్స్ ఇచ్చిన గోల్‌కీపర్‌కు దీనిని ప్రదానం చేస్తారు. స్పెయిన్ తరఫున అత్యధిక మ్యాచ్‌లు ఆడిన రికార్డు చాలాకాలం జమోరా పేరిటే నిలిచింది. 1970లలో మరో గోల్‌కీపర్ హోసే ఆంఖెల్ ఇరిబార్ దానిని అధిగమించాడు. 1950లలో ఫ్రాంకో ప్రభుత్వం కూడా జమోరాకు పురస్కారం ఇచ్చింది. అంతర్యుద్ధంలో పరస్పరం పోరాడిన రెండు పక్షాలూ ఒకే క్రీడాకారుడిని సన్మానించడం అరుదైన విషయం.

జమోరా 1978 సెప్టెంబర్ 8న, 77 ఏళ్ళ వయసులో, బార్సిలోనాలో మరణించాడు. 20వ శతాబ్దపు ఉత్తమ గోల్‌కీపర్ల కోసం అంతర్జాతీయ ఫుట్‌బాల్ చరిత్ర, గణాంకాల సమాఖ్య రూపొందించిన జాబితాలో జమోరాకు ఐదవ స్థానం దక్కింది.

విశేషాలు

జమోరా సినిమాలలో కూడా కనిపించాడు. 1927లో 'పోర్ ఫిన్ సె కాసా జమోరా' (చివరికి జమోరాకు పెళ్ళవుతోంది) అనే మూకీ చిత్రంలో నటించాడు.
1934 ప్రపంచ కప్‌లో ఇటలీతో తిరిగి ఆడిన మ్యాచ్‌లో జమోరా బదులు నోగెస్ అనే గోల్‌కీపర్ ఆడాడు.
జమోరా కుమారుడు కూడా గోల్‌కీపర్‌గా స్పెయిన్ లీగ్‌లో ఆడాడు.