వేదార్థ ప్రకాశకులు సాయణాచార్యులు

కుంభాభిషేక వేళ యాగశాల నాలుగు ద్వారాల వద్ద నాలుగు వేదాల పారాయణం మీ చెవిని పడుతుంది. ఆ స్వరం చెడకుండా గురుశిష్య పరంపర కాపాడుతూ వచ్చింది. అర్థం సంగతి వేరు. పద, క్రమ, జట, ఘన పాఠాలు అక్షరాన్ని రక్షిస్తాయి గాని అర్థాన్ని రక్షించవు. ఘనాంతం వల్లించినవారిలోనూ అర్థం చెప్పగలవారు అరుదని, ఈ వృత్తిలో జీవితం గడిపినవాడిగా కొంత సిగ్గుతోనే ఒప్పుకుంటున్నాను.

ఆ అర్థాన్ని మనకు మిగిల్చిన మహనీయులు సాయణాచార్యులు. భారద్వాజ గోత్రం, తైత్తిరీయ శాఖ, బోధాయన సూత్రం. తండ్రి మాయణ, తల్లి శ్రీమతి. అన్న మాధవాచార్యులు, తమ్ముడు భోగనాథుడు. సాయణులు పండితులే కాక మంత్రి కూడా. నెల్లూరు సీమలోని ఉదయగిరి రాజ్యాన్ని ఏలిన కంపరాయలకు అమాత్యులై, ఆయన అనంతరం బాలుడైన సంగమరాజుకు అండగా నిలిచి రాజ్యభారం వహించారు. క్రీ.శ. 1356 నాటి బిట్రగుంట శాసనాన్ని రచించినది భోగనాథుడే.

పిమ్మట బుక్కరాయలు వేదార్థాన్ని వెలయించవలసిందిగా మాధవాచార్యులను కోరగా, ఆయన ఆ భారాన్ని తమ్మునికి అప్పగించారు. ఒక్కరి తరమా అది? యాస్కుని నిరుక్తం, పాణిని వ్యాకరణం, జైమిని మీమాంస, కల్పసూత్రాలు, యజ్ఞప్రయోగంలో అనుభవం, ఇవన్నీ ఒకచోట చేరాలి. అందుచేత ఆయా శాస్త్రాలలో ఆరితేరిన పండితులు సాయణుల నిర్దేశంలో కలిసి పనిచేశారని పరిశోధకులు భావిస్తారు. యజ్ఞంలో అధ్వర్యునిది ప్రధాన పాత్ర గనుక మొదట యజుర్వేదానికి, అందులోనూ తమ తైత్తిరీయ శాఖకు భాష్యం వెలసింది. ఋగ్వేదం ఆ తరువాతనే. పూర్వ భాష్యకారులైన స్కందస్వామి, భట్టభాస్కరుల కృషినీ వారు విడువలేదు.

ఈ భాష్యాలలో ఒకే పదానికి ఒక్కొక్కచోట ఒక్కొక్క అర్థం కనిపిస్తుంది. పలువురి చేతులు పడ్డాయనడానికి ఇది గుర్తు అంటారు కొందరు, దోషమంటారు మరికొందరు. నాకు మాత్రం అది విద్వత్సభలో వినిపించే భిన్నస్వరంగానే తోస్తుంది.

బుక్కరాయల అనంతరం రెండవ హరిహరరాయల కాలంలోనూ ఈ కార్యం ఆగలేదు. అథర్వవేద భాష్యం, శతపథ బ్రాహ్మణ భాష్యం అప్పటివే. క్రీ.శ. 1386లో ఆ ప్రభువు విద్యారణ్య శ్రీపాదుల సన్నిధిలో నారాయణ వాజపేయయాజి, నరహరి సోమయాజి, పండరి దీక్షితులనే ముగ్గురు పండితులకు దానమిచ్చి తామ్రశాసనం వ్రాయించాడు. చతుర్వేద భాష్యాలకు ప్రవర్తకులుగా ఆ శాసనం వారిని పేర్కొన్నది. దాత పేరుతో పాటు, సాయణుల వెనుక నిలిచి శ్రమించినవారి పేర్లూ అలా మనకు దక్కాయి.

మరుసటి ఏడు, 1387లో, సాయణాచార్యులు పరమపదించారు. ఆ భాష్యాలకు నిలిచిన పేరు మాధవీయ వేదార్థప్రకాశం. అందులో ఉన్నది ఆయన పేరు కాదు, అన్నగారి పేరు.